రుద్దినను పోని మురికి

చర్మమునకు నోరు లేదు. అయినను అది చెప్పవలసినది చెప్పక మానదు. విని గ్రహింపవలసిన మనమే తొందరపడి తీర్పు చెప్పుచున్నాము. వేళ్ళ కణుపులు నల్లబడిన బాలుని చూచి "మురికి" యందుము. మోచేతులు ముండ్లవలె గరుకెక్కిన బాలికను చూచి, ఆమె తల్లికి నూనె రాయు తీరికయైనను లేదందుము. నోటి మూలలు పగిలిన పిల్లవానిని చూచి "వేడి చేసినది" అని ఊరకుందుము. మెడచుట్టును, చేతులమీదను మాడినట్లు చర్మము రేగిన కూలివానిని చూచినచో, అది అంటురోగమేమో యని రెండడుగులు వెనుకకు జరుగుదుము. ఈ తీర్పులలో ఎన్ని పరీక్షకు నిలుచునో విచారించు వారు అరుదు.

ఈ సంచికలో విద్యార్థులకును, తలిదండ్రులకును మేము మనవి చేయదలచినది ఒక్కటే. చర్మముమీది మార్పు పెక్కుమారులు పళ్ళెములోని లోటునకు సాక్ష్యము. లోటును విడిచి సాక్షిని శిక్షించుట న్యాయము కాదు, వివేకమును కాదు.

మొదట చర్మమే యేల చెప్పవలెనో చూతము. మన పైచర్మము ఒకమారు ఏర్పడి నిలిచిపోవునది కాదు. అడుగు పొరలో క్రొత్త కణములు పుట్టి, క్రమముగ పైకి వచ్చి, పొట్టువలె రాలిపోవుచుండును. ఇంచుమించు నెల దినములలో ఆ పొర క్రొత్తదగును. ఇంత వేగముగ కణములు పుట్టుచోట, వాని నిర్మాణమునకు కావలసిన విటమినులలో ఏ యొకటి కొరవడినను పని చెడును. నోటిలోని పొర, నాలుక, పెదవుల అంచులు ఇంకను వేగముగ మారునవి గనుక అచ్చటను లోటు త్వరగా బయటపడును. నేతగాని మగ్గమున పడుగు చాలనిచో గుడ్డలో చీలిక కనబడినట్లే ఇదియును. గుడ్డను ఎంత ఉతికినను ఆ చీలిక పోవునా?

ఈ సంగతులు ఎచ్చటనో దూరదేశమున మాత్రమే తేలినవి కావు. మన కోయంబత్తూరు నుండి కన్నులెత్తి చూచినచో కనబడు నీలగిరులలోనే, కూనూరున, 1918లో మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి రోగమును గూర్చిన చిన్న పరిశోధనా విభాగమును ప్రారంభించెను. అది పెరిగి పోషణ పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చెను. ఆ సంస్థకు దీర్ఘకాలము నాయకుడై కీర్తి గడించిన కొలత్తూరు గోపాలన్‌గారు సేలములో ఆ 1918వ సంవత్సరముననే జన్మించి, నూరేండ్లు నిండిన పిదప 2019లో కీర్తిశేషులైరి. తమిళదేశపు కొండమీద పుట్టి తెలుగుదేశమున స్థిరపడిన ఆ సంస్థ చరిత్ర, తెలుగునాట పుట్టి తమిళదేశమున స్థిరపడిన మన పూర్వుల చరిత్రకు ఎదురుబొదురుగా నడచినట్లున్నది.

కూనూరు పరిశోధనాలయమున ఐక్రాయిడు, రాజగోపాల్ అనువారు దక్షిణదేశపు బడిపిల్లల పోషణస్థితిని పరిశీలించి 1936లో తమ ఫలితములను ప్రకటించిరి. వారు పిల్లలలో వెదకిన గుర్తులలో ఒకటి కప్పచర్మము. మోచేతుల వెలుపలి వైపున, మోకాళ్ళమీద, తొడలమీద, రోమకూపము రోమకూపమునకును చిన్న ముల్లువంటి బొడిపె లేచి, చేయి నిమిరినచో ఆకురాయివలె గరుకుగ తగులును. సింహళమున పనిచేసిన నికోల్స్ అను వైద్యుడు 1933లో దీనికి ఆ పేరు పెట్టెను. మొదట దీనిని కేవలము 'ఎ' విటమిను లోటనియే తలచిరి. తరువాతి పరిశోధనలు శరీరము తనంత తాను చేసికొనలేని నూనె సారములు, 'బి' విటమినులు కొరవడుటయు ఇందులకు కారణమని సూచించినవి. అనగా ఆ పిల్లవానికి పైన రాయు నూనెకంటె, కూరలో పడవలసిన నూనెయే ఎక్కువ అవసరము. ఇరుగుపొరుగువారు తల్లిని నిందించు వేళ ఈ భేదమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇంతకంటె ఘోరమైన కథ పెల్లాగ్రాది. స్పెయినుదేశపు కాసల్ అను వైద్యుడు 1735లో దీనిని గుర్తించెను. ఎండ తగులు చేతుల వెనుకభాగమున, పాదములమీద, మెడచుట్టును చర్మము మొదట కందినట్లై, పిదప నల్లబడి, పగిలి పొరలు లేచును. మెడచుట్టు ఏర్పడు ఆ పట్టెకు నేటికిని కాసల్ హారమని పేరు. పిమ్మట విరేచనములు, ఆ పిమ్మట మతిభ్రమణము. చికిత్స లేనిచో మరణము. మొక్కజొన్నయే ముఖ్యాహారమైన పెక్కు దేశములలో ఇది వ్యాపించినది. మన దక్కనునందు మొక్కజొన్న తినని తెలంగాణా కూలిజనమునకును ఇది ఏల వచ్చుచున్నదని హైదరాబాదు శాస్త్రజ్ఞులు విచారించిరి. వారి ఆహారము జొన్న. గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. జొన్నలో లూసిను అను మాంసకృత్తుల అంశము అధికముగ నుండి, నియాసిను అను విటమిను శరీరమునకు ఒనగూడకుండ చేయునని వారి అభిప్రాయము. దీనిని అందరు శాస్త్రజ్ఞులును అంగీకరింపలేదు. కాని, ఏటికేడాది జొన్న అన్నమే తప్ప పప్పు, పాలు, మాంసము ఎరుగని పేదవానికే ఆ రోగము వచ్చెనను విషయమున భేదాభిప్రాయము లేదు.

ఈ రోగమును గూర్చి అమెరికాలో జరిగిన ఒక చరిత్ర మన ఊరివారు ప్రత్యేకముగ తెలిసికొనదగినది. అచ్చటి దక్షిణ రాష్ట్రములలో పెల్లాగ్రా చెలరేగగా, అది సూక్ష్మజీవులవలన వ్యాపించు అంటురోగమని పలువురు నమ్మి రోగులను వెలివేసిరి. 1914లో ప్రభుత్వము పంపిన గోల్డుబర్గరు అను వైద్యుడు ఒక చిన్న విషయమును గమనించెను. అనాథశాలలలోను, పిచ్చాసుపత్రులలోను లోపలివారికే రోగము వచ్చుచున్నది గాని, వారితో కలసిమెలసి యుండు పరిచారకులకు రాదు. పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుళ్ళు చేర్చి పెట్టినంతనే అనాథశాలలలో రోగము మాయమైనది. అప్పటికిని నమ్మనివారి కొరకు 1916లో ఆయనయు, ఆయన సహచరులును రోగుల రక్తమును, చర్మపు పొట్టును తమ శరీరములలో ప్రవేశపెట్టుకొనిరి. ఎవ్వరికిని రోగము రాలేదు. ఆ యేటనే ఆయన ఒక అర్థశాస్త్రజ్ఞుని తోడు చేసికొని, దక్షిణ కెరొలైనాలోని ఏడు నూలుమిల్లుల గ్రామములలో ఇంటింటి ఆదాయమును, ఆహారమును లెక్కించెను. ఆదాయము తగ్గినకొలది రోగము హెచ్చినది. మిల్లుల ఊళ్ళలో పెరిగిన మనకు ఈ లెక్క అర్థమగుటకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆ తరువాత జరిగినది మరింత విచారకరము. 1921లో ఈ దుస్థితిని గూర్చి ఆ దేశాధ్యక్షుడు బహిరంగముగ ఆందోళన వెలిబుచ్చగా, ఆ రాష్ట్రముల పెద్దలు కొందరు సాయమును ఆహ్వానించుటకు మారుగా కోపగించిరి. మా ప్రాంతమున ఆకలి యున్నదని చెప్పుట మాకు అవమానమనిరి. అభిమానము ఆకలికంటె గట్టిది. లోటును ఒప్పుకొనుటకు సిగ్గుపడిన చోట పిల్లల చర్మము మరికొన్ని యేండ్లు మాడెను. గోల్డుబర్గరు 1929లో మరణించెను. ఆయన వెదకిన పదార్థము నియాసిను అని 1937లో ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు తేల్చెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. "పూర్వులు చోళము, కంబు, రాగి తిని ఉక్కువలె నుండిరి. తెల్లబియ్యము వచ్చినది, రోగము వచ్చినది" అని మన యిండ్లలో పెద్దలు చెప్పుట పరిపాటి. ఈ మాటలో సగము నిజమున్నది. బాగుగ దంపి తెల్లగ చేసిన పచ్చిబియ్యము తిను ఉత్తర సర్కారులలో బెరిబెరి ప్రబలగా, ఉప్పుడు బియ్యము తిను తమిళ జిల్లాలలో ఆ బాధ లేకుండుటను మెకారిసన్ నాడే గమనించిరి. వడ్లను ఉడికించునపుడు తవుడులోని 'బి1' విటమిను గింజలోనికి దిగును. మన పూర్వులు ఈ నేలకు వచ్చి పుళుంగలరిసి తినుట నేర్చినందున వారికి తెలియకయే ఒక మేలు కలిగినది. పొరుగువారి వంటయిల్లు మనకు గురువైన సందర్భమిది.

కాని మిగిలిన సగము నిజము కాదు. తెలంగాణా కూలివానిని మాడ్చినది తెల్లబియ్యము కాదు, జొన్నయే. మెక్సికోలో తరతరములుగ మొక్కజొన్న తిన్నవారు దానిని సున్నపునీట ఉడికించి, చిక్కుళ్ళతో కలిపి తినుటచే పెల్లాగ్రా ఎరుగరు. ఆ గింజయే ఆ విధి లేక ఐరోపాకు పోయి వేలమందిని బలిగొన్నది. తరువాతి దశాబ్దములలో దక్కనున జొన్న స్థానమున బియ్యము వచ్చుటతో పెల్లాగ్రా అరుదయ్యెను. కావున దోషము ఈ గింజదని గాని, ఆ గింజదని గాని పోరుట వ్యర్థము. ఒకే గింజతో పళ్ళెమును నింపుకొనవలసివచ్చిన పేదరికమే దోషము. సంగటి మంచిదే. దాని ప్రక్కన పప్పు, మునగాకు, మజ్జిగ, గుప్పెడు వేరుశనగలు ఉన్ననాడు మరింత మంచిది. వేరుశనగ నియాసినునకు గని వంటిది. మన జిల్లా పొలములలో పండునది, మన బండ్లమీద వేగునది.

"ఈ దినములలో ఇవన్నియు ఎక్కడివి? పంచభక్ష్యములు దొరకుచున్నవి గదా!" అని కొందరందురు. రోగముల పేర్లు మారినవి గాని లోటు పోలేదు. నేడును పెల్లాగ్రా తలయెత్తుచున్నది. అన్నము మాని మద్యముతో కడుపు నింపుకొనువారిలో అది కనబడును. తండ్రి త్రాగుడు తండ్రి చేతులమీదనే అచ్చుపడును. అంతకంటె సామాన్యమైనది 'బి12' లోటు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకరు మున్నగు వైద్యులు, వేళ్ళ కణుపులు, అరచేతులు, అరికాళ్ళు నల్లబడుట ఈ లోటునకు గుర్తు కావచ్చునని 1963లో ప్రకటించిరి. ఆ విటమిను ఇచ్చినచో ఆ నలుపు వారములలో, నెలలలో తగ్గిపోవును. ఫోలికామ్లము కొరవడినను ఇట్టి నలుపు రావచ్చును. ఆ ఫోలికామ్లమును 1945లో కృత్రిమముగ తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే (1895–1948).

'బి12' మొక్కలలో దొరకదు. పాలు, పెరుగు, గ్రుడ్డు, చేపలు, మాంసములయందే యుండును. శాకాహార నియమమును పాటించు ఇండ్లలో, పాలు కొనలేని ఇండ్లలో ఈ లోటు ఏర్పడుట సులభము. మొదట నలుపు, పాలిపోవుట, నాలుక నున్నబడుట, అలసట. ఉపేక్షించినచో కాళ్ళలో తిమ్మిరి, నడకలో తడబాటు, జ్ఞాపకశక్తి మందగించుట. నరములకు కలిగిన నష్టము ముదిరినచో పూర్తిగ తీరకపోవచ్చును. ఇట్టి బిడ్డ కణుపులను తల్లి పీచుతో రక్తము వచ్చునట్లు రుద్దుచున్నచో, బిడ్డ ఏడ్చుచు నిలుచున్నచో, ఆ యిద్దరిలో తప్పు ఎవరిది? ఇద్దరిదియు కాదు. వారికి తెలియజెప్పవలసిన చదువు వారి యింటికి చేరలేదు.

మరియొక నలుపును గూర్చియు చెప్పవలెను. మెడ వెనుక, చంకలలో చర్మము మందమై, ముఖమల్ గుడ్డవలె నల్లబడుట ఇప్పటి పిల్లలలో కనబడుచున్నది. ఇదియు రుద్దిన పోదు. ఇది సామాన్యముగ లోటువలన గాక మితిమీరిన బరువువలన, శరీరము ఇన్సులినును సరిగ వినియోగించుకొనలేనందున వచ్చునది. ముందు ముందు మధుమేహము రావచ్చునను హెచ్చరిక. బడి విడిచినంతనే గాంధీపురము బేకరీలలో బన్నులు, తీపి పానీయములు సేవించుట నిత్యకృత్యమైన పిల్లలు దీనిని గమనింపవలెను. చూడుడు! ఒకే మెడ. ఒకనాడు లోటు దానిమీద హారము వేసినది. నేడు మితిమీరుట వేయుచున్నది. రెంటిని మనము మురికి యనియే పిలుచుచున్నాము.

ఈ మాట ఎవరిని ఎక్కువగా గాయపరచునో ఆలోచింపుడు. ఈ నగరమున తెలుగు పలుకువారందరును ఒకే అంతస్తువారు కారు. నల్లరేగడి భూములు దున్నినవారు, మిల్లులు స్థాపించినవారు తెలుగువారే. మగ్గములు నేసినవారు తెలుగువారే. తెల్లవారుజామున వీథులు ఊడ్చి, కాలువలు శుభ్రపరచు కుటుంబములలో పెక్కింట మాట్లాడునదియు తెలుగే. ఊరినంతటిని శుభ్రముగ నుంచు తల్లి బిడ్డను తరగతిలో తోడివారు మురికివాడని పిలుచుట కంటె సిగ్గుమాలిన పని వేరొకటి కలదా? మాతృభాష ఒక్కటియని సభలలో చెప్పుకొను మనము, ఆ భాషలోని ఆ ఒక్క మాటను తోడి విద్యార్థిమీద విసరకుండుట నేర్చుకొననిచో, మన భాషాభిమానము పైపూతయే.

అట్లని ప్రతి మచ్చయు విటమిను లోటే యని మేము చెప్పుట లేదు. రాత్రివేళ దురద హెచ్చు గజ్జి నిజముగ అంటునదే. దానికి ఇంటిల్లిపాదికిని ఒకేమారు చికిత్స కావలెను. తామర, శోభి బూజు జాతివలన వచ్చునవి. బొల్లి అంటునది కాదు, ఆహారదోషమును కాదు. పిల్లల బుగ్గలమీది లేత తెల్లమచ్చలను చూచి నులిపురుగులని, సున్నపు లోటని చెప్పుట వాడుక గాని, అవి పెక్కుసార్లు పొడిచర్మపు మచ్చలే. స్పర్శ తెలియని మచ్చ కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. అది కుష్ఠు కావచ్చును. నేడు దానికి పూర్తిగ నయముచేయు మందున్నది. కావున నిర్ణయించుట వైద్యుని పని. వెక్కిరింపక చూచి, దాచక చూపుట మన పని.

ఇక పరిష్కారమును గూర్చి. ఇందులో మన ప్రాంతమునకు గర్వింపదగిన చరిత్ర కలదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయశెట్టిగారు, తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించినవారు, థౌజండ్ లైట్సు ప్రాంతపు పాఠశాలలో బీద పిల్లలకు మధ్యాహ్న భోజనమును ప్రారంభింపజేసిరి. 1956లో కామరాజుగారు దానిని రాష్ట్రమంతట విస్తరింపజేసిరి. 1982లో రామచంద్రన్‌గారు పోషకాహార పథకముగ దానిని పెంచిరి. 2022 సెప్టెంబరు 15న మధురలో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు ఫలాహారమును ప్రారంభమైనది. నూరేండ్లుగ ఒక రాష్ట్రము పిల్లల పళ్ళెమును గూర్చి ఇంత శ్రద్ధ వహించుట చిన్న విషయము కాదు.

అయినను మనలో కొందరు "మా పిల్లలు ధర్మాన్నము తినవలసినంత గతిలేనివారమా?" అని వారించుచున్నారు. కొందరు ప్రక్కన కూర్చుండువాడెవడో విచారించి వారించుచున్నారు. మొదటిది అమెరికా పెద్దల అభిమానము వంటిది. రెండవది దానికంటె తక్కువ స్థాయిది. బడిభోజనము భిక్షము కాదు. అది పాఠ్యపుస్తకమువలె విద్యార్థి హక్కు. గ్రుడ్డు తినని పిల్లలకు దానికి బదులు అరటిపండు ఇత్తురు. అరటిపండు మంచిదే గాని, గ్రుడ్డులోని 'బి12' దానిలో లేదు. అట్టి యిండ్లవారు దినమునకు ఒక గ్లాసెడు పాలో పెరుగో బిడ్డకు తప్పక అందునట్లు చూడవలెను. అదియు పొసగనిచో వైద్యుని సలహాతో మాత్ర ఇప్పింపవలెను.

తలిదండ్రులకు మరియొక మాట. అంగడిలో తెల్లబరచు పూతలు కొని కణుపులకు, మెడకు పులుముట మానుడు. వానిలో కొన్నిట స్టీరాయిడు మందులు, కొన్నిట పాదరసము ఉండును. అవి చర్మమును పలుచన చేయునే గాని లోపలి లోటును తీర్పవు. ఆ డబ్బుతో ఎన్ని దినములకు వేరుశనగలు, పెసలు, ఆకుకూర వచ్చునో లెక్కింపుడు. విటమిను మాత్రలను తమంత తాముగ కొని మింగించుటయు తగదు. 'ఎ' విటమిను వంటివి మితిమీరినచో హాని చేయును.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. నెలకొకమారు, వరుసలో నిలబెట్టి అందరియెదుట గాక, ఒక్కొక్కరిని పిలిచి చేతులు, నోటి మూలలు, మెడ చూడుడు. ఏదేని కనబడినచో తలిదండ్రులకు రహస్యముగ చెప్పి ప్రభుత్వాసుపత్రికి పంపుడు. దీనికి ఖర్చు లేదు, నిమిషములే కావలెను. ఇంకొకటి. పరదేశపు పుస్తకములలోని బొమ్మలు తెల్లని చర్మమువి. వారికి ఎఱ్ఱగ కనబడునది మన పిల్లల చర్మముమీద నలుపుగనే కనబడును. ఆ బొమ్మల ఎఱుపును వెదకుచు మన నలుపును విడిచిపెట్టరాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు చదువు జీవశాస్త్రము పరీక్షకు మాత్రమే కాదు. రేపు మీ తరగతిలో ఎవని చేతినైనను చూచి నవ్వు వచ్చినపుడు ఒక్క క్షణము ఆగుడు. "నీవు ఉదయము ఏమి తింటివి?" అని మెల్లగ అడుగుడు. వాడు "ఏమియు లేదు" అనిన, మీ డబ్బాలోని వేరుశనగలలో సగము వాని చేతిలో పెట్టుడు. ఆ చేతిని ముట్టినందున మీకేమియు అంటదు. గోల్డుబర్గరు దానిని నూరేండ్ల క్రిందటనే ఋజువు చేసియున్నాడు.